బావ పేరు, నా మొహం

మొన్న మా బావ పదకొండో రోజుకని విజయనగరం వెళ్లి ఆటో దిగేసరికి, వీధి మొగలో కట్టిన ఫ్లెక్సీ మీద నా మొహానికి దండ వేసి కనిపించింది. బతికుండగా ఆ భాగ్యం ఎందరికి దొరుకుతుందని నవ్వుకోబోయాను గాని నవ్వు రాలేదు, ఎందుకంటే మొహం నాదైనా కింద పేరు బావది. కాలేజీ పాత విద్యార్థుల సంఘం కుర్రాళ్లు, ఎక్కడో దొరికిన ఫుట్‌బాల్ టీము ఫొటోలో ఆ పేరు మీదున్న మొహాన్ని కత్తిరించి వేయించారట. మా అక్క, అంటే బావ భార్య, అంత ఏడుపులోనూ తలెత్తి చూసి, "ఒరే, నీకేటిరా దండేసినారు" అంది.

తప్పు కుర్రాళ్లది కాదు, పంతొమ్మిది వందల అరవైల చివర మేం చేసినది. బావ మా మేనత్త కొడుకు, మా రెండిళ్లలో కాలేజీ గడప తొక్కినవాడు ఆయనొక్కడే, బి.ఏ. అయితే మాస్టారవుతాడని అందరం చూస్తున్నాం. నేను ఎనిమిదిలోనే బడి మానేశాను, బడి కూడా నన్ను వెతకలేదు. సాలూరులో లారీ మీంచి విసిరే చింతపండు తట్టలు కింద పడకుండా పట్టడం నా పని. కాలేజీ టీములో గోల్‌కీపరుగా ఉన్న బావ మొదటి మ్యాచికే మోకాలు విరగ్గొట్టుకుంటే, వాళ్ల కెప్టెను సాలూరు వచ్చి, "తట్టలు పట్టినోడివి బంతి పట్నేవేటి? ఆడి పేరు మీద నిలబడు" అన్నాడు. పక్కనే మోకాలి మీద చెయ్యేసుకుని కూర్చున్న బావ సరేనన్నాడు.

ఆ ఏడు బావ పేరు ఊరూరా మోగింది. మ్యాచి రోజున ఆయన మాత్రం బయట కనబడకూడదు గనక ఇంట్లోనే కూర్చునేవాడు, సాయంత్రం నేను అరుగు మీద ప్రతి బంతినీ మళ్లీ పట్టి చూపించేవాణ్ణి, కొంచెం కలిపి. ఫైనలు శ్రీకాకుళంలో. ముందురోజు ఫొటో తీశారు, నా కింద ఆయన పేరు రాశారు.

ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ ఆపాను. మావాళ్లంతా బావ పేరు పెట్టి ఒకటే కేకలు. అంతలో జనంలోంచి తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి లేచి, తువ్వాలు తీసి, చెయ్యి పైకెత్తాడు, చూస్తే బావ. ఒకప్పుడు ఆయనకి పాఠం చెప్పి, అప్పటికి అవతలి కాలేజీలో చేరిన మాస్టారొకరు చూసి, నువ్విక్కడుంటే గోల్లో ఉన్నదెవరని అడిగారు. బావకి అబద్ధం రాదు. కప్పు పోయింది, కాలేజీ ఆయన పేరు కొట్టేసింది. నన్ను కొట్టెయ్యడానికి నా పేరు ఎక్కడా లేదు.

తిరుగు బస్సులో బావ ఒక్క మాటే అన్నాడు. "నా పేరు అంతమంది అరస్తంటే కూకోనేకపోనాన్రా."

తర్వాత ఆయన నాతోపాటు సాలూరు లారీల దగ్గరికే వచ్చాడు, ఆ కుంటికాలితోనే ముప్పయ్యేళ్లు సరుకు లెక్క రాశాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఎప్పుడో జోకేసి దులుపుకునేవాణ్ణి.

ఇప్పుడు ప్రతి పిల్లాడి మెడలోనూ వాడి ఫొటో కార్డు వేలాడుతోంది. ఆ రోజుల్లో అదొక్కటుంటే నేను ఆ గోల్లో నిలబడేవాణ్ణి కాను, బావ మాస్టారయ్యేవాడు. కుర్రాళ్లు ఫ్లెక్సీ మారుస్తామని నిచ్చెన తెచ్చారు, వద్దన్నాను. ఆ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కణ్ణే.