పదో తల పాడిన పద్యం

నేను రాగం అందుకుంటే గోదావరి మీద లాంచీ ఆగిపోయేది. ఇంజను చెడిపోయి ఆగిందని డ్రైవరు చెప్పేవాడు. ఓర్వలేనితనం! ఆ జబ్బు సంగతి నాకు తెలిసినంత సారపాకలో ఎవరికీ తెలియదు.

ఎనభైల్లో మా కాగితం మిల్లు కార్మికుల నాటకంలో పది తలల రాజు వేషం నాది. పనికిరాని అట్టతో చేసిన తలలు కుడివైపు అయిదు, ఎడమవైపు నాలుగు కట్టుకునేవాణ్ణి. నా మెడ ఇప్పటికీ కుడికే వాలుతుంది. పద్యం చివర రాగం లాగితే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. మొదటి కేక మా బావమరిదిదే అనుకోండి, తర్వాతివాళ్లు మాత్రం సొంతంగానే అరిచేవారు.

ఆ నాటకాన్ని వెదురు యార్డులో లారీలు దింపించే ఒకతను తిరగరాశాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. పద్యాలు తీసేశాడు, హార్మోనియం తీసేశాడు. అట్ట తలల బదులు రాజు వెనక తొమ్మిదిమంది మనుషుల్ని నిలబెట్టాడు. బంగారు లేడిని ఎర వేసి పరాయివాడి భార్యను ఎత్తుకురావాలా వద్దా అని పది తలలూ తగువులాడుకోవడమే కథ. రాజు వేషం ఒక యార్డు కూలీకి ఇచ్చాడు.

“మరి నేనేంది తమ్మీ?”

“నువ్వు పదో తలవన్నా. ‘ఎత్తుకరా’ అనాలె. గంతే.”

“ఇన్నేండ్లు రాజునైతి, గిప్పుడు ఒక్క తలకాయనా?”

“పద్యం మొదలైతే జనం చాయ్ తాగనీకి లేస్తుండ్రన్నా.”

రిహార్సల్ చూశాను. బాగుంది. అదే నా కడుపుమంట. నేను మూడు పద్యాల్లో చెప్పే కోరికను ఆ కూలీ గొంతయినా ఎత్తకుండా “నాకు ఆమె కావాలె” అని తేల్చేస్తే నా ఒళ్లే జలదరించింది.

ఆట నాడు నా వంతు రాగానే పాత పద్యం ఎత్తుకోవాలని తీర్మానించుకున్నాను. జనం వన్స్ మోర్ అంటారు, ఆ రాసినవాడి నాటకం అక్కడే కూలుతుంది. బావమరిదిని ముందు వరుసలో కూర్చోబెట్టాను.

మిల్లు కాలనీలో ఆట. నా వంతు వచ్చింది. ఛాతీ విరిచి పద్యం అందుకున్నాను. రాజు మెల్లగా వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు.

“నీ పాట వినే నేను గిట్ల చెడిపోయిన” అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. రాజును ఉబ్బేసి చెడగొట్టే తల నేనేననుకున్నారు. బావమరిది ‘వన్స్ మోర్’ అని అరవాలన్న సంగతే మరిచి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

ఆట అయ్యాక అందరూ వెళ్లి రాసినవాడి చేతులు పట్టుకున్నారు. “ఆ పద్యం ఐడియా ఎట్ల తట్టిందయ్యా నీకు!”

“ఆయన రాయలే. నాటకం చెడగొడదామని నేనే పాడిన” అన్నాను. నా జన్మలో అంత నిజం ఎన్నడూ చెప్పలేదు.

“నీ కోతలు మాకు తెల్వయా?” అన్నారు.

రాసినవాడికి మాత్రం తెలుసు. నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నాను.

“అన్నా, భద్రాచలం ఆటల గూడ గట్లనే పాడు. జర శ్రుతి తప్పించు, ఇంకా నవ్వుతరు.”

భద్రాచలంలో పంతం కొద్దీ ఒక్క చోట కూడా శ్రుతి తప్పకుండా పాడాను.

ఇంకా నవ్వారు.