కళ్ళు మూసుకోండి, పాస్‌వర్డ్ కొడతా ఉండా

మైపాడు చరిత్ర రాయడానికి ఎవరైనా పూనుకుంటే, తుపాన్లకు ఒక అధ్యాయం, టైటస్ గారు పాస్‌వర్డ్ కొట్టే విధానానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదని పాస్టరు గారి అమ్మాయి ఏంజెలిన్ అభిప్రాయం. టైటస్ గారు నెల్లూరులో ఒక బ్యాంకు లాకర్ గది దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. రహస్యమంటే ప్రాణం. అలాంటి మనిషి చేతిలో సంఘం వారు చర్చి ల్యాప్‌టాప్ పెట్టారు.

అందులో బ్యాటరీని కాపాడే యాప్ ఒకటుంది. ల్యాప్‌టాప్ కునుకు తీసి లేచిన ప్రతిసారీ అది అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్టరు క్రీస్తురాజు గారి ప్రారంభ ప్రార్థనకు మనుషులే కునుకు తీస్తారు, యంత్రం ఏపాటిది? పాటల పుస్తకాలు చెదలు తిన్నప్పటి నుంచి పాటలన్నీ తెర మీదే. పాస్‌వర్డ్ పడేదాకా ఆరాధన కదలదు.

టైటస్ గారు లేస్తారు. భుజం మీది తుండు తీసి ప్రొజెక్టరు కంటికి కప్పుతారు. తెర మీద చుక్కలెన్నో జనానికి తెలిస్తే ప్రమాదమట.

"అందరూ కళ్ళు మూసుకోండి. పాస్‌వర్డ్ కొడతా ఉండా."

సంఘమంతా తలలు వంచుతుంది. కొత్తగా వచ్చినవారు ఇదీ ప్రార్థనే అనుకుని చివర్లో భక్తిగా "ఆమేన్" అంటారు.

"ఏందన్నా, చిక్కుబడ్డ వల విప్పినా ఈపాటికి అయిపోయుంటాది," అని హెబ్రోను వెనక వరసలోంచి గొణుగుతాడు.

"తొందరపడితే తప్పు పడతాది. మూసుకోరా!"

ఒక్కో ఆదివారం చిటికెలో అయిపోతుంది. ఒక్కో ఆదివారం పడవను నీళ్ళలోకి తోసినంతసేపు పడుతుంది. ఎందుకో ఎవరూ అడగలేదు.

పాస్టరు గారికి మాత్రం ఇది తలవంపులుగా ఉండేది. ఆయన క్రమశిక్షణ గల మనిషి. మొదటి పాట ఎత్తుకున్నాక వచ్చినవారు లేచి నిలబడి ఆలస్యానికి కారణం చెప్పాలని రూలు పెట్టినవారు. తండ్రి బాధ చూడలేక, నెల్లూరులో కంప్యూటర్లు చదువుతున్న ఏంజెలిన్ ఒక శనివారం ఎవరికీ చెప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచి, తనే పాస్‌వర్డ్ కొట్టి, ఆ యాప్‌ను తీసేసింది.

మర్నాడు ప్రార్థన ముగిసింది. ల్యాప్‌టాప్ లేచింది. ఏమీ అడక్కుండా పాట తెర మీద పడింది.

టైటస్ గారి ముఖం పాలిపోయింది. వాకిలి వైపు చూశారు. పాట వైపు చూశారు. తుండు తీసి ప్రొజెక్టరు మీద వేశారు.

"పాస్‌వర్డ్ అడగతా ఉండాది. కళ్ళు మూసుకోండి."

"పాట పడింది గదన్నా!" అన్నాడు హెబ్రోను.

"అది పోయిన వారం పాట. మూసుకో!"

అందరూ మూసుకున్నారు, ఏంజెలిన్ తప్ప. ఆయన వేళ్ళు మీటల మీద ఊరికే ఆడుతున్నాయి. చూపు వాకిలి మీదే ఉంది. కాసేపటికి బయట ఆటో ఆగింది. రొయ్యల షెడ్డులో పనిచేసే సామ్రాజ్యం చెప్పులు చేత్తో పట్టుకుని, తడిసిన చీర కుచ్చిళ్ళతో లోపలికొచ్చి చివరి స్తంభం పక్కన కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుంది. అప్పుడు టైటస్ గారు తుండు తీశారు.

"అయింది. పాడండి."

రూలు ప్రకారం ఆ రోజు ఎవరూ ఆలస్యంగా రాలేదు.

ఆరాధన అయ్యాక కుళాయి దగ్గర ఏంజెలిన్ ఆయన్ను పట్టుకుంది. "టైటస్ మామా, అది పాస్‌వర్డ్ అడగలేదు గదా?"

"మెల్లగా, తల్లీ. ఆ పిల్ల నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తాది. మీ నాయన రూలు పెట్టినాక వాకిలి దాకా వచ్చి వెనక్కి పోయినాది. 'రొయ్యల వాసన కొడతా అందరి ముందర నిలబడి ఏం చెప్పేదన్నా, ఇంక రాను' అనింది. నువ్వొచ్చేదాకా పాట ఎత్తుకోరని మాటిచ్చినా."

"నాన్నతో ఒక మాట చెప్పుండచ్చు గదా!"

"చెబితే ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నట్టు ఆ పిల్ల పేరుతో సహా మైకులో చెబుతాడు."

ఏంజెలిన్‌కు తండ్రి సంగతి తెలుసు. ఆ సాయంత్రమే యాప్‌ను మళ్ళీ పెట్టింది. అది పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది.

ఇంతటి రహస్యం ఆమెకెలా తెలిసిందంటే, టైటస్ గారు ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతూ కొడతారు. మైకు ఆయన పక్కనే ఉంటుంది.