విలన్ లేని రోగం

త్రినాథరావు ఫిల్మ్‌నగర్‌లో ఎనిమిదేళ్ళు కథా చర్చల్లో కూర్చున్నాడు. కథలు వేరేవాళ్ళ పేర్లతో వచ్చాయి, ఈయనకు టిఫిన్లు దక్కాయి. చివరికి 2004లో బీఎస్సీ జువాలజీ పట్టా దుమ్ము దులుపుకుని, జూబ్లీహిల్స్‌లో మా మెడికల్ కోడింగ్ ఆఫీసులో ట్రైనీగా చేరాడు.

అమెరికా డాక్టర్లు రాసిన రోగాలకు నంబర్లు వెయ్యడం మా పని. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అనుకోండి, రోగానికొక కోడు, దాన్ని తెచ్చిన క్రిమికి ఇంకో కోడు. డాక్టరు క్రిమి పేరు రాయకపోతే ఆ రెండోది వెయ్యకూడదు.

అక్కడే మనవాడికి ప్రాణం ఒప్పేది కాదు. విలన్ లేకుండా కథ ఎలా వదలడం? తనే ఓ క్రిమిని తగిలించేవాడు.

"ఏందండీ ఇది? ఈ క్రిమి ఏడికెల్లి వచ్చింది? డాక్టర్ రాసిండా?" అంది మా టీమ్ లీడర్ రష్మి.

"రాయలేదండీ. కానీ ముసలాయనకి డెబ్బై ఏళ్ళు, తోడెవరూ లేరు. ఆ కథకి ఈ క్రిమే బాగుంటుందండీ."

"మనం ఊహించొద్దు. ఇంకొక్క తప్పు దొరికితే ప్రొబేషన్‌లనే ఇంటికి పంపిస్త."

నాకు నవ్వొచ్చింది కానీ, అతని గురించి భయం కూడా వేసింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని మళ్ళీ ఎవరు తీసుకుంటారు? ఆ నెలంతా త్రినాథరావు పళ్ళు బిగబట్టి పనిచేశాడు. ఆడిట్‌లో ఒక్క తప్పూ దొరకలేదు. పర్మనెంట్ లెటర్ రష్మి సంతకం కోసం బల్లమీదికి వచ్చింది. ఆ సంతోషంలో ఎర్రగడ్డ నుంచి మిర్చి బజ్జీలు తెచ్చి అందరికీ పంచాడు. నేను నాలుగు తిన్నాను.

మర్నాడు టీమ్‌లో సగంమంది రాలేదు. వచ్చినవాళ్ళం కుర్చీల్లో కుదురుగా లేము. రష్మి పొట్ట పట్టుకుని అతన్ని పిలిచింది. సంతకం లేని లెటర్ ఆమె ముందే ఉంది.

"మీ బజ్జీలు తిన్నంకనే గిట్లయింది. ఏమంటరు?"

త్రినాథరావు చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

"విరేచనాల వరకు రాసుకోవచ్చండీ. కారణం మాత్రం డాక్టరుగారు రాయాలి. మనం ఊహించకూడదు కదండీ."

రష్మి అతని వంక గుర్రుగా చూసింది. తర్వాత నవ్వాపుకోలేక పెన్ను తీసింది. పేరులో రెండక్షరాలు రాసిందో లేదో, పెన్ను పడేసి బాత్రూం వైపు పరుగెత్తింది.

ఆ సగం సంతకంతోనే మావాడు పర్మనెంటయ్యాడు.