కుడితి బంద్ చేస్తవా మల్లయ్యా?

బీపీ మిషన్ పట్టీలోంచి గాలి తుస్సుమని దిగే చప్పుడు నేను రోజూ వినేదే. ఉప్పుగూడ బస్తీ దవాఖానాలో నర్సును మరి. అయినా అది వినగానే సాబిరా ఆపా గుర్తొస్తారు. నాకన్నా ముందు ఈ కుర్చీలో కూర్చున్న నర్సు ఆమె. ఎవరైనా ఆటో దిగి ఆయాసపడుతూ వచ్చి చెయ్యి చాపితే, "మొదలు కూసో. నోరు బంద్ చెయ్యి. తర్వాత బీపీ చూస్త" అనేవారు. ఎంత పెద్దమనిషైనా గోడకు వీపు ఆనించి గమ్మున కూర్చోవాల్సిందే.

మాది పాల వ్యాపారం. నేను ఇంటర్ చదివేటప్పుడు మా బాపు మల్లయ్యకు బీపీ బయటపడింది. గోళీలతో తగ్గింది. తగ్గగానే బాపు వాటిని మానేశాడు. మా పెద్దబాపు కూడా అలాగే మానేసి పక్షవాతంతో మంచాన పడ్డాడు. పాలు పితికే ఆయన కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. అమ్మ ఏడ్చింది, నేను పోట్లాడాను. "తల తిరుగుతలేదు, ఏం లేదు. ఒట్టిగ గోళీలెందుకు మింగాలె?" బాపుది ఒకటే మాట.

అమ్మ వెళ్లి ఆపాకు చెప్పుకుంది. మరునాడు పొద్దున ఆపా డ్యూటీకి పోతూ మా కొట్టం దగ్గర ఆగి, బోర్లించిన బకెట్ మీద తీరిగ్గా కూర్చున్నారు. తిడతారనుకున్నాను. బాపు తల ఎత్తకుండా పాలు పితుకుతున్నాడు.

"ఈ బర్రె మస్తు పాలిస్తది గదా, మల్లయ్యా?"

"అవ్ ఆపా, మంచిగిస్తది."

"ఇస్తున్నది గదా, ఇగ రేపటి సంది కుడితి బంద్ చేస్తవా?"

బాపు నవ్వాడు. "గదేం మాట ఆపా? పెడుతున్నం గాబట్టే ఇస్తున్నది."

"గోళీ గూడ గంతే. ఏసుకున్నవు గాబట్టే తగ్గింది. డాక్టర్ సాబ్ చెప్పేదాక ఆపకు."

బాపు చెయ్యి ఆగిపోయింది. ఆనాటి నుంచి పొద్దున తొట్టిలో కుడితి పోశాక, తన గోళీ వేసుకోవడం ఆయనకు అలవాటైంది. నేను నర్సునవుతానని ఇంట్లో చెప్పింది కూడా ఆ వారంలోనే.

ఆపా ఇప్పుడు లేరు. నిన్న ఒకావిడ చేతికి కట్టిన పట్టీ విప్పుతుంటే, "నార్మల్ వచ్చింది గదా సిస్టర్, ఇగ గోళీలు బంద్ చేస్త" అంది. నేను జవాబు చెప్పేలోపే, తన వంతు కోసం గోడకు ఆనుకుని కూర్చున్న మా బాపు అందుకున్నాడు.

"చెల్లె, మీ ఇంట్ల బర్రె ఉన్నదా?"

ఆవిడ తెల్లబోయింది. బాపు కుడితి సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆపా ఉంటే ఎంత మురిసిపోయేవారో అనుకున్నాను.

"నోరు బంద్ చెయ్యి బాపూ. గట్ల మాట్లాడితే నీ బీపీ ఎట్ల చూడాలె?" అన్నాను, అచ్చం ఆపాలాగే.

బాపు నవ్వి గమ్మునయ్యాడు. కాసేపాగి చెయ్యి చాపాడు. డెబ్బై దాటినా రోజూ పాలు పితుకుతున్న కుడిచెయ్యి.