మా ఆయన పేరు మీది కారు

పోయినేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీ బాయి మా వరసగదుల చాల్ మెట్లెక్కి వచ్చింది. ఆమె మరాఠీ మనిషి. ముంబై కామాటిపురాలో మా గల్లీ నిండా తెలుగువాళ్ళమే కాబట్టి నాలుగు తెలుగు ముక్కలు ఆమెకూ వచ్చు. నేను గదుల ముందున్న గ్యాలరీలో కూర్చొని, ధారావి నుంచి తెచ్చుకున్న బ్యాగులకు మిగులు దారాలు కత్తిరిస్తున్నాను.

"సర్కారు ఆడోళ్ళకిచ్చే నెల పైసలు నీకు ఆగిపోయినయ్ కదా, ఎందుకో తెలిసింది," అంది. "మీ ఇంట్ల ఫోర్ వీలర్ ఉందట. కారున్నోళ్ళకియ్యరు."

పక్క గదామె పగలబడి నవ్వింది. "ఏడ దాచినవక్కా? అటక మీదనా?"

నేనూ నవ్వాను. బాయి మాత్రం నవ్వలేదు. ఫోన్ తీసి చదివింది. మా ఆయన పేరు, మా మామ పేరు, మా గది నంబరు. తర్వాత కారు పేరు. ఆమెకు నోరు తిరగలేదు గానీ, అది బిల్డర్ల కొడుకులు సముద్రం పక్క రోడ్డు మీద ఉరుములా తోలుకుపోయే బండి అని మా చాల్‌లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. గ్యాలరీలో నవ్వులు ఆగిపోయాయి.

"తప్పయితే తప్పని చెప్పు, రాసి పంపుత. నిజమైతే నాతోని అబద్ధమాడకు. నా నౌకరీ పోతది," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. పక్క గదామె మళ్ళీ నా వైపు చూడకుండా లోపలికి పోయింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మా ఆయన వర్లీ వైపు ఒక పెద్ద కార్ల షోరూంలో డ్రైవర్. కొత్త బండ్లను యార్డు నుంచి తేవడం, కొన్నవాళ్ళ ఇంటికి చేర్చడం ఆయన పని. సాయంత్రం వచ్చి మోరీ దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను.

"నీ పేరు మీద కారుందా?"

చెంబు కింద పెట్టాడు. లేదనలేదు.

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పాడు. ఆ జాతి బండ్లు కంపెనీ నుంచి ఏడాదికి ఏ ఒకటో రెండో వస్తాయి. కావాలనేవాళ్ళు బారులు తీరి ఉంటారు. కంపెనీ రాసిన రేటు మీద షోరూంవాళ్ళు పైసా ఎక్కువ తీసుకోగూడదు. అందుకని షోరూం సేటు మొదట తన పనివాడి పేరున రిజిస్టర్ చేయిస్తాడు. ఆ తర్వాత అది 'సెకండ్ హ్యాండ్' బండి అయిపోతుంది. దానికి ఎంత చెబితే అంత.

"కొత్త దానికంటె పాత దానికి ఎక్కువ రేటా?"

"పాతది కాదే. సీటు మీద కవరు గూడ తియ్యలే. ఆగలేనోళ్ళు ఇస్తరు."

"నీకేమిచ్చిండు?"

"ఏమియ్యలే. రెండు వారాల్ల పేరు మారుస్త, సంతకం పెట్టుమన్నడు. సేటు అడిగితే కాదంటనా? నెలలైతుంది. ఇంకా పెద్ద గిరాకీ కోసం ఆగుతున్నడు."

అప్పుడే ఆయన ఫోన్ టింగుమంది. తీసి చూసి, బోర్లా పెట్టాడు. నేను లాక్కున్నాను. వేగంగా నడిపినందుకు ఆ కారు మీద చలాను. సముద్రం పక్క రోడ్డు, నిన్న రాత్రి.

"నువ్వు ఇక్కడుంటివి. ఎవరు నడిపిన్రు?"

"సేటు కొడుకు. అప్పుడప్పుడు తీస్తడు."

"రేపు ఎవరికన్నా గుద్దితే?"

ఆయన ఫోన్ తీసుకొని మళ్ళీ బోర్లా పెట్టాడు. ఆయన కూడా అదే అనుకుంటూ ఇన్ని నెలలు నిద్రపోయినట్టు నటించాడని నాకప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఆయన ఫోన్ మోగితే చాలు, చేతిలో కత్తెర ఆగిపోయేది. టీవీలో కారు గుద్దిందని చెబితే ముందు రంగు అడిగేదాన్ని. మాది ఏ రంగో కూడా నాకు తెలియదు.

ఇక ఓపిక పట్టలేక ఒకరోజు ఆయన వెంట షోరూంకు పోయాను. ఆయన దారి పొడుగునా వద్దంటూనే ఉన్నాడు. అద్దాల తలుపు తోయగానే చలి కొట్టింది. మధ్యలో నిలబెట్టి ఉంది అది. పండు మిరపకాయ రంగు, నేలకు అంటుకున్నట్టు ఉంది. ఆయన కళ్ళతోనే చూపించాడు.

సేటు కేబిన్‌లో నన్ను భాభీ అని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మాటలన్నీ హిందీలోనే.

"ఈ వారమే గిరాకీ వస్తున్నాడు. పేరు మారిపోతుంది. ఎందుకు భయం?"

"అయితే అప్పటిదాకా తాళంచెవి ఈయన దగ్గర ఉంచండి," అన్నాను. "బండి ఈయన పేరు మీదనే కదా."

సేటు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆయన ముఖం బిగుసుకుంది. మా ఆయన వైపు తిరిగి, "ఇంటామెకు నేర్పించి తెచ్చావా? రేపటి నుంచి పని వద్దా?" అన్నాడు.

మా ఆయన నేల చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ చెయ్యి చాచాడు. "చావీ ఇవ్వండి, సేట్."

చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సేటు లేచి నిలబడ్డాడు. కొడతాడేమోనని నేనూ లేచాను. అంతలో తలుపు తట్టి ఒక కుర్రాయన లోపలికి వచ్చాడు. ఆయనే ఆ గిరాకీ. చెప్పిన రోజుకంటే ముందే వచ్చాడు. సేటు గొంతు క్షణంలో తేనె అయింది. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "వీరే బండి మొదటి ఓనరు," అన్నాడు.

ఆ కుర్రాయన మా ఆయన ఒంటి మీది షోరూం చొక్కా చూశాడు. నా చెప్పులు చూశాడు. అన్నీ అర్థమైపోయాయి. ఇప్పుడు అరుస్తాడు, కంపెనీకి ఫోన్ చేస్తాడు అనుకున్నాను. భయంతో పాటు, ఎందుకు దాచాలి, ఆశ కూడా కలిగింది.

"చలాన్లేమన్నా ఉన్నాయా?" అని మా ఆయన్ను అడిగాడు.

సేటు వేళ్ళు భుజం మీద గట్టిపడ్డాయి. "ఉన్నాయి సార్," అన్నాడు మా ఆయన. "నేను నడిపినవి కావు. సేటు కొడుకు నడిపినవి."

కుర్రాయన సేటు వైపు తిరిగాడు. "అయితే అవి మీరే కట్టండి. మిగతాది మనం అనుకున్న రేటే." అంతే. ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నానని, ఇంకో బండి ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసని నాతో అన్నాడు, నేనడగకుండానే. ఈ బండి కింద మా బతుకు నలిగిందని ఆయనకు తెలుసు. తెలిసే కొన్నాడు.

పేరు మారిన కాగితం కళ్ళారా చూసేదాకా మా ఆయన ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగాడు. అది అయిన వారానికి సేటు పనిలోంచి తీసేశాడు. నా నెల పైసలు కూడా చాన్నాళ్ళు తిప్పించుకొని, తర్వాతే మొదలయ్యాయి.

ఇప్పుడు ఆయన నాగ్‌పాడాలో స్కూలు వ్యాను నడుపుతున్నాడు. జీతం తక్కువ. సేటు చెడ్డవాడు కాదని, ధందా అంటే అట్లనే ఉంటదని ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. అన్నం ముందు ఈ మాట వస్తే ఇద్దరిలో ఒకరం మంచినీళ్ళ కోసమని లేస్తాం.