వొర్షా చేతిలో తెల్లదారం

మా ఊళ్లో ఏ ఆడపిల్ల చర్చి ఊరేగింపుకు ముస్తాబైనా ఆ చేతులు వొర్షావే. నల్లపావడా, తెల్లటి మెడపట్టీ, రొమ్ము నిండా వెండి నాణేలు, అన్నీ గుండుసూదులతో, దారంతో బిగించాలి. తెల్లవారకముందు మొదలుపెడితే పొద్దెక్కేదాకా పట్టే పని. కూలి మాటెత్తితే "దేవుడి ముందు నడిచే పిల్లకు కూలేమిటమ్మా" అంటుంది. గుమ్మంలో పెట్టి వెళ్లిన గుడ్లబుట్టను మాత్రం వద్దనదు.

జర్మనీ తూర్పు అంచున మాది సోర్బులనే చిన్న జాతివాళ్ల ఊరు. ఇంట్లో, పొలంలో, ప్రార్థనలో మా భాషే. అయితే పరాయి మనిషి ఒక్కరు గడప తొక్కితే చాలు, పదిమందిమీ జర్మన్‌లోకి మారిపోతాం. అది పెద్దలు నేర్పిన మర్యాద. మన మాట పొలిమేర దాకానే, అవతల చెల్లదని వొర్షాకు వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పిందట.

యుద్ధం మొదలైన వసంతంలో ఉక్రెయిన్ నుంచి పరాస్కా వచ్చింది. యాభై దాటిన మనిషి, కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఫాదర్ అడగ్గానే వొర్షా తన మేడగది ఇచ్చి, మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. ఊరంతా వచ్చి పలకరించాం. అందరం జర్మన్‌లోనే. ఆమెకు అర్థం కాకపోతే మరింత నెమ్మదిగా, మరింత గట్టిగా. ఆమె తల ఊపేది. పోనుపోను భోజనానికి కిందికి రావడం కూడా తగ్గించింది. చివరికి తన దేశస్థులుండే పట్నపు వసతిగృహానికి వెళ్లిపోతానని ఫాదర్‌కు సైగలతో చెప్పుకుంది. చర్చి ఊరేగింపు పండుగ మర్నాడు కారు పంపిస్తామని అక్కడివాళ్లు అన్నారు. సంచీ సర్దుకుంది.

నేను పాలు తీసుకువెళ్తే వొర్షా పొయ్యి దగ్గర దిగాలుగా కూర్చుని ఉంది.

"ఇంటికొచ్చిన మనిషిని నిలుపుకోలేకపోయాను హిల్జా. నా వంట బాగోలేదంటావా?"

"నీ వంటకేం అక్కా, మా ఆయన నన్ను చేసుకుందే నీ పక్కింట్లో ఉన్నానని," అన్నాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

పండుగ పొద్దున వొర్షా నా మనవరాలిని ముస్తాబు చేస్తోంది. పెదాల మధ్య గుండుసూదులు, రెండు చేతులూ పిల్ల మెడ చుట్టూ. పట్టీ జారుతోంది. తల తిప్పకుండానే నాతో మా భాషలో, "దారమియ్యి, తెల్లది," అంది. నేను కళ్లజోడు వెతుక్కునేలోగా ఎవరో తెల్లదారం ఆమె అరచేతిలో పెట్టారు. చూస్తే పరాస్కా. మెట్ల మీద నిలబడి చూస్తున్నదల్లా దిగి వచ్చింది.

వొర్షా నోట్లో సూదులు తీసేసింది. మా మాట ఈమెకెలా తెలిసిందన్నట్టు చూసి, కూజా చూపించి "వోదా" అంది. పరాస్కా కూడా "వొదా" అంది. చెయ్యెత్తితే ఇద్దరికీ అది రుకాయే. పాలు మాకు మ్లోకో, ఆమెకు మొలొకో. సూది దగ్గర మాత్రం కుదరలేదు. వొర్షా ఒకటంటే పరాస్కా మరొకటి అని పట్టుబట్టింది. ఇద్దరూ నవ్వేశారు. పరాస్కా నవ్వు వినడం మాకు అదే మొదలు.

"మర్యాద చేసి చేసి ఈ మనిషిని మాటకు మొహం వాచేలా చేశాం గదే," అంది వొర్షా, కళ్లు తుడుచుకుంటూ.

"ఏడుపు తర్వాత అక్కా, పిల్లకు సూది గుచ్చుకుంటుంది."

ఊరేగింపయ్యాక ఫాదర్‌కు చెబితే నుదురు కొట్టుకున్నారు. ఆయనా జర్మన్‌లోనే పలకరించారు మరి. ఎప్పుడో వెయ్యేళ్లకు ముందు మన వాళ్లూ పరాస్కా వాళ్లూ, పోలండు, బల్గేరియా వాళ్లూ ఒక్క నుడి మాట్లాడిన ఒక్క ఇంటివాళ్లేనని చెప్పారు. వేరుపడి తలోదిక్కూ పోతూ నీళ్లకూ పాలకూ ఉన్న పేర్లను వెంట తీసుకుపోయారట. యాస మారింది గానీ మాట పోలేదు. "సూదిని మాత్రం ఎవరో దారిలో పారేసుకున్నట్టున్నారు," అంది వొర్షా.

మర్నాడు కారు ఖాళీగానే వెనక్కి పోయింది.

ఇప్పుడు మెడపట్టీలు ఇస్త్రీ చేసేది పరాస్కాయే. కొడుకు ఫోను రాని రోజుల్లో వొర్షా ఆమె పక్కనే కూర్చుంటుంది. సాయంత్రం ఇద్దరూ పరలోక ప్రార్థన ఎవరి మాటల్లో వారు చెప్పుకుంటారు. మొదటి రెండు మాటలూ ఒక్కటిగా వస్తాయి, తర్వాత ఎవరి దారి వారిది, ఆమేన్ దగ్గర మళ్లీ కలుస్తారు.

మొన్న నేను వొర్షా ఇంట్లో ఉండగా పోస్టుమాన్ తలుపు తట్టాడు. జర్మన్ మనిషి గనక అలవాటుగా నేను జర్మన్ అందుకున్నాను.

"మళ్లీ మొదలెట్టావా వదినా, నీ మర్యాద?" అంది పరాస్కా, మా భాషలోనే, కాస్త వంకర యాసలో.

వొర్షా మాత్రం ముందు మా పలకరింపే పలికింది. అతను టోపీ తీసి అదే మాట మాకు తిరిగి చెప్పాడు. ఎన్నాళ్లుగా తెలుసో ఏమో, మేమెవరమూ ఏనాడూ అతనితో మా మాట మాట్లాడి చూడలేదు.