అమ్మ దీక్ష

మా ఊరు కోటబొమ్మాళికి దగ్గర. ఊళ్లో అమ్మవారి పండగకి ఘటాలెత్తితే మా వీధి వంతు ఎప్పుడూ ఆఖరే. అందరి ఘటాలూ గుడి లోపల దించాక, మావి గుడి బయట దించాలి. అమ్మ ఉపవాసం ఉండి, మధ్యాహ్నం దాటేదాకా ఎండలో నిలబడేది. నాకు ఒళ్లు మండేది. అమ్మకి మాత్రం అదొక పద్ధతి, అంతే.

ఒక ఏడు, కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య ఈ పద్ధతి తెలియక, ముందున్న ఆడవాళ్ల వెంట లోపలికెళ్లి ఘటం దించేసింది. పెద్దలు ఒక్క మాట అనలేదు. ఆమె చూస్తుండగానే, ఆ ఘటం దించిన అరుగంతా పసుపునీళ్లతో కడిగించారు. తిడితే తిరిగి తిట్టేవాణ్ణి. కడిగితే ఏం చేస్తాను? ఆ ఏడే బౌద్ధం తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

అమ్మ ఒప్పుకోలేదు. "అమ్మోరు నిన్నేటి సేసిందిరా? కడిగించినోలు మనుసులు గదా," అంది. ఆమె రాకుండా దీక్ష తీసుకోబుద్ధి కాలేదు. నా కోపమంతా ఆమె ఎండలో నిలబడ్డందుకే. ఆర్నెల్లు బతిమాలాను, అలిగి అన్నం మానేశాను. చివరికి, "సర్లే, వస్తానురా," అంది.

దీక్ష శ్రీకాకుళంలో, ఒక కల్యాణమండపంలో. పేర్లు రాయించే హడావిడిలో నేనూ నా భార్యా ముందు వెళ్లి మొదటి వరసలో కూర్చున్నాం. అమ్మ వెనక ఆడవాళ్లతో ఉందనుకున్నాను. దీక్ష ఇచ్చే బౌద్ధ భిక్షువు, భంతే, చెప్పిన ఇరవై రెండు ప్రతిజ్ఞలూ గొంతెత్తి పలికాను. ఫోన్ ఎవరికో ఇచ్చి వీడియో కూడా తీయించుకున్నాను.

అంతా అయ్యాక బయటికొస్తే, అమ్మ తెల్లచీరలో మెట్ల మీద, చెప్పుల పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"అందరిదీ అయిపోనాదా? ఇప్పుడు మన వొంతేనా?"

నా భార్యే వెళ్లి భంతేకి సంగతి చెప్పింది. ఆయన మళ్లీ కూర్చుని, అమ్మ ఒక్కదాని కోసం అన్నీ మొదటి నుంచి చెప్పారు. అమ్మ తడబడుతూనే, ఒక్కటీ వదలకుండా పలికింది.

తిరుగు ప్రయాణమయ్యాం. టెక్కలి బస్సు జనంతో కిక్కిరిసి ఉంది. నరసన్నపేట దాటాక అమ్మ అడిగింది.

"లోపలున్నోలందరూ మనోలేనట గదా?"

"అవునమ్మా."

"మరి నన్ను లోనికి పిలవనేదేటిరా?"

ఊరిని నిలదీయాలని చిన్నప్పటి నుంచీ నేను దాచుకున్న ప్రశ్న అదే. అమ్మ నన్నడిగింది.